ఖాళీ గ్లాసులో ఏముంది? చిన్నపిల్లలకు గాలి, నీరు, ఇల్లు గురించి నేర్పడం ఎలా

నాలుగైదేళ్ళ పిల్లల ముందు ఖాళీ గ్లాసు పెట్టి "ఇందులో ఏముంది నాన్నా?" అని అడిగి చూడండి. చాలామంది "ఏమీ లేదు" అంటారు. "గాలి ఉంది" అనేవాళ్ళూ ఉంటారు, కానీ అది ఎక్కువసార్లు పెద్దవాళ్ళ నోట విని పట్టుకున్న మాటే, ఎందుకంటే వెంటనే "మరి ఇందులో నీళ్ళు పోస్తే ఆ గాలి ఎక్కడికి వెళ్తుంది?" అంటే మన మొహం వంక చూస్తారు. మాట వచ్చింది, సంగతి ఇంకా రాలేదు.

చిన్నపిల్లలకు గాలి, నీరు, ఇల్లు నేర్పడంలో కష్టమంతా ఇక్కడే ఉంది. ఇవి రోజూ వాళ్ళ చుట్టూ ఉండేవి, పేర్లు ముందే తెలుసు, పేరు తెలుసు కాబట్టి తెలిసిపోయినట్టే అని వాళ్ళూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం. అందుకని నేను పిల్లలతో పనిచేసేటప్పుడు ఒకే వరస పట్టుకుంటాను: ముందు అడగడం, తర్వాత వాళ్ళని ఊహించనివ్వడం, ఆ తర్వాత వాళ్ళ చేత్తో చేయించడం, పేరూ వివరణా అన్నిటికన్నా చివర. ఈ వరస తిరగబడితే, అంటే ముందే "గాలి స్థలాన్ని ఆక్రమిస్తుంది" అని చెప్పేసి తర్వాత చూపిస్తే, పిల్లలు చూడరు. మనం చెప్పింది అప్పజెప్తారు, అంతే.

మొదలుపెట్టే ముందు

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పగలని ప్లాస్టిక్ గ్లాసులు రెండు (లోపలికి కనిపించేవి), ఒక టబ్బు, పాత కాగితాలు, సూది లేని ప్లాస్టిక్ సిరంజి, రెండు పళ్ళేలు, సన్నమూతి సీసా ఒకటి, మూత ఉన్న సీసా ఒకటి, రంగు, దారం, అట్టపెట్టెలు, కాస్త బంకమట్టి. తుడుచుకోవడానికి గుడ్డలు మాత్రం ఎక్కువ పెట్టుకోండి, నీళ్ళు ఒలుకుతాయన్న టెన్షన్ మనకుంటే పిల్లల చేతికి గ్లాసు ఇవ్వం, ఇవ్వకపోతే పాఠమే లేదు.

జాగ్రత్తల్లో రెండు విషయాల దగ్గర నేను అస్సలు రాజీపడను. ఒకటి, నీళ్ళున్న టబ్బు దగ్గర చిన్నపిల్లల్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. రెండంగుళాల నీటిలో కూడా పసిపిల్లలు మునిగి చనిపోతారు, అది కూడా చప్పుడు లేకుండా జరుగుతుంది. పని అవగానే నీళ్ళు పారబోసి టబ్బు బోర్లించండి. రెండోది, గాలి పాఠం అనగానే అందరూ బెలూన్లు తెస్తారు, కానీ ఊదని బెలూను, పగిలిన బెలూను ముక్క గొంతుకు అడ్డం పడితే తీయడం చాలా కష్టం. ఎనిమిదేళ్ళలోపు పిల్లల చేత వాటిని ఊదించొద్దు, మీరే ఊది ముడివేసి ఇవ్వండి, ముక్కలు వెంటనే ఏరేయండి. నేనైతే బెలూన్ల బదులు సిరంజి వాడతాను, అది ఇంకా బాగా నేర్పుతుంది కూడా.

రోజుకి ఒక్కటే పని పెట్టుకోండి, పావుగంట చాలు. మూడు నాలుగేళ్ళ పిల్లలు అంతకంటే ముందే లేచి వెళ్ళిపోతే పోనివ్వండి.

గాలి

తెలుగులో ఒక చిక్కు ఉంది, మొదలుపెట్టే ముందే అది మీరు గమనించాలి. కదిలేదాన్నీ గాలి అంటాం, కదలకుండా ఉన్నదాన్నీ గాలే అంటాం. ఉక్కగా ఉన్న రోజు "అబ్బ, ఇవాళ అస్సలు గాలి లేదు" అంటాం. పక్కన కూర్చున్న పిల్ల ఏమనుకుంటుంది? గాలి అనేది వచ్చి పోయేదని, వచ్చినప్పుడు ఉంటుందని, లేనప్పుడు లేదని. కాబట్టి ఈ పాఠం జరిగే రోజుల్లో మీరు మాట్లాడే తీరు కొంచెం మార్చుకుని "గాలి కదలట్లేదు", "గాలి వీస్తోంది" అనడం అలవాటు చేసుకోండి. చిన్న మార్పే కానీ సగం పని అక్కడే అయిపోతుంది.

మొదటి పని గ్లాసుతో. కాగితాన్ని ఉండలా నలిపి గ్లాసు అడుగున జారిపోకుండా గట్టిగా కూరండి, అంచు దాకా కాకుండా సగం లోపే ఉండాలి. టబ్బులో గ్లాసు మునిగేంత నీళ్ళు పోయండి. ఇప్పుడు ఆగి అడగండి: "గ్లాసుని బోర్లించి నీళ్ళల్లో ముంచితే కాగితం తడుస్తుందా, తడవదా?" ప్రతి పిల్లా ఏదో ఒకటి చెప్పాలి, తడుస్తుంది అన్నవాళ్ళు ఒకవైపు, తడవదు అన్నవాళ్ళు ఒకవైపు నిలబడినా సరే. ఊహ బయటికి చెప్పాక ఆ పిల్లకి ఫలితం మీద ఆసక్తి పుడుతుంది, చెప్పకపోతే ఊరికే చూస్తూ ఉంటుంది. తర్వాత గ్లాసుని నిటారుగా బోర్లించి, ఏ పక్కకీ వాలకుండా నెమ్మదిగా కిందకి నొక్కించండి. నొక్కుతుంటే చేతికి పైకి తోస్తున్నట్టు తెలుస్తుంది, "ఎవరో తోస్తున్నారు" అంటారు పిల్లలు, ఆ మాట వదులుకోకండి, "ఎవరు?" అని అడగండి. అలాగే నిటారుగా పైకి తీసి, అంచు గుడ్డతో తుడిచి, అప్పుడు కాగితం బయటికి తీయించండి. పొడిగా ఉంటుంది. అంచు తుడవకపోతే అక్కడున్న నీటి చుక్కలు కాగితం మీద పడి మొత్తం పాడవుతుంది, చాలామంది దగ్గర ఈ పని చెడేది అక్కడే.

ఇప్పుడు అదే గ్లాసుని మళ్ళీ ముంచి, ఈసారి కొంచెం పక్కకి వాల్చమనండి. బుడబుడమని బుడగలు వస్తాయి. "ఏం బయటికి వచ్చింది?" ఈసారి "గాలి" అన్న మాట పిల్లల నోటి నుంచే వస్తుంది, పుస్తకంలోంచి రాదు. నేను "గాలికీ చోటు కావాలి" అన్న మాట ఇక్కడ మాత్రమే చెప్తాను.

ఉత్సాహం ఉంటే ఇంకో అడుగు: ఒక గ్లాసు నీళ్ళతో నింపి టబ్బులోపలే బోర్లించి పట్టుకోండి, రెండో గ్లాసుని గాలితో బోర్లించి ముంచి, మొదటిదాని కిందకి తెచ్చి వాల్చండి. బుడగలు పైకి పోయి మొదటి గ్లాసులో చేరతాయి, అందులోని నీళ్ళు దిగిపోతాయి. గాలిని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఒంపడమన్నమాట, అదీ కింద నుంచి పైకి. ఇది ఒకసారి వస్తే పిల్లలు ఆపరు.

సిరంజి పని చిన్నది. పిడి వెనక్కి లాగి, మూతి వేలితో మూసి, పిడి నొక్కమనండి. కొంత దూరం దిగి స్ప్రింగులా వెనక్కి వస్తుంది. అదే సిరంజిని నీళ్ళతో నింపి, మూతి అలాగే మూసి నొక్కితే అస్సలు దిగదు. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. పెద్ద మాటలు అక్కర్లేదు, వేలికి తెలిసింది చాలు.

తర్వాత బరువు. గాలికి బరువుంటుందంటే పెద్దవాళ్ళకే నమ్మబుద్ధి కాదు. ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో గాలి 30 కిలోల పైనే ఉంటుంది, అంటే నాలుగేళ్ళ పిల్లలు ఇద్దరంత బరువు. "ఈ గదిలో కనిపించకుండా మీలాంటివాళ్ళు ఇంకా ఇద్దరున్నారు" అని చెప్తే వాళ్ళు చుట్టూ చూసే చూపు చూడాలి.

కదిలే గాలి కోసం కాగితాన్ని సన్నటి పట్టీలుగా కత్తిరించి దారానికి కట్టి, కిటికీ దగ్గరా తలుపు దగ్గరా గది మధ్యలోనూ వేలాడదీయండి. ఏది ఎక్కువ ఊగుతోంది, ఏ వైపుకి ఊగుతోంది, తలుపు మూస్తే ఏమవుతుంది, ఇవన్నీ వాళ్ళే కనిపెడతారు. "గాలి ఎలా పుడుతుంది?" అని అడిగితే "చెట్లు ఊగుతాయి కదా, అందుకని వస్తుంది" అన్న జవాబు రావచ్చు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే 1920ల్లో చిన్నపిల్లల్ని ఇదే అడిగితే ఆయనకూ ఈ జవాబు వచ్చింది. విసనకర్ర ఊపితే గాలి వస్తుంది కాబట్టి చెట్టు కూడా విసనకర్రే అని పిల్ల లెక్క, ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. కాదని కొట్టిపారేయకుండా, కాగితపు పట్టీలు చూపించి "ఇక్కడ చెట్టు లేదు కదా, మరి దీన్ని ఎవరు ఊపారు?" అని అడగండి. చెట్లు లేని చోట కూడా గాలి వీస్తుందని వాళ్ళంతట వాళ్ళు గమనించేదాకా, అది వారం పట్టినా, ఆగండి.

ఒక పని మాత్రం వద్దంటాను. పళ్ళెంలో నీళ్ళు పోసి, వెలుగుతున్న కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే నీళ్ళు పైకి లేస్తాయి, "ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి ఆ చోట్లోకి నీళ్ళు వచ్చాయి" అని చెప్తుంటారు. ఆ వివరణ సరైంది కాదు. వేడెక్కిన గాలి మంట ఆరగానే చల్లబడి కుంచించుకుపోవడమే నీళ్ళు లేవడానికి ప్రధాన కారణం, కొవ్వొత్తి కూడా లోపలి ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే ఆరిపోతుంది. చిన్నపిల్లల దగ్గర మంటా, దాంతో పాటు తప్పు వివరణా, రెండూ అవసరం లేదు.

ఏడెనిమిదేళ్ళ పిల్లలైతే గాలిలో ఏమేం ఉన్నాయో చూపించవచ్చు. వంద గింజలు తీసుకుని 78కి ఒక రంగు (నైట్రోజన్), 21కి ఇంకో రంగు (ఆక్సిజన్), మిగిలిన ఒక్క గింజే తక్కినవన్నీ, అందులో ఎక్కువ భాగం ఆర్గాన్. కార్బన్ డయాక్సైడ్ వంతు ఆ ఒక్క గింజలో ఇరవయ్యో భాగం కూడా ఉండదు. "మనం ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాం" అని చెప్పేటప్పుడు కూడా జాగ్రత్త, బయటికి వదిలే గాలిలో ఇంకా సుమారు 16 శాతం ఆక్సిజన్ ఉంటుంది. కొంచెం వాడుకుని మిగతాది తిరిగి ఇచ్చేస్తాం అని చెప్పండి, అది నిజం, పిల్లలకి అర్థమవుతుంది కూడా.

నీరు

నీటి గురించి పిల్లలకి తెలియనిది తడి కాదు, నీళ్ళు కనిపించకుండా పోవడం. ఇక్కడ కూడా మన మాటలే అడ్డొస్తాయి. బట్టలు ఆరతాయి, వాన నీళ్ళు ఇంకిపోతాయి, గిన్నెలో నీళ్ళు ఇగిరిపోతాయి. నేలలోకి ఇంకడం వేరే సంగతి, కానీ ఆరడం, ఇగరడం రెండూ ఒకటేనని, రెండు చోట్లా నీరు గాలిలోకే వెళ్తోందని పిల్లలకి ఎవరూ చెప్పరు. మాటలు వేరు కాబట్టి సంగతులూ వేరనుకుంటారు.

అందుకని ఒకే గ్లాసుతో మూడుసార్లు సమానంగా కొలిచి, వెడల్పు పళ్ళెంలో ఒకసారి, సన్నమూతి సీసాలో ఒకసారి, మూత గట్టిగా పెట్టిన సీసాలో ఒకసారి నీళ్ళు పోయించండి. సీసాల మీద నీళ్ళెంత దాకా ఉన్నాయో గీత గీయించండి. ఆరేడేళ్ళలోపు పిల్లలు కళ్ళముందే కొలిచినా సరే "సీసాలో ఎక్కువున్నాయి" అంటారు, ఎందుకంటే అక్కడ మట్టం ఎత్తుగా కనిపిస్తుంది. వాదించొద్దు. అది ఆ వయసు తీరు, రెండేళ్ళు పోతే దానంతట అదే పోతుంది. మూడింటినీ ఎండ తగిలే కిటికీలో పెట్టి రోజూ ఒకే వేళకి చూడండి. పళ్ళెం మొదట ఖాళీ అవుతుంది, సీసా నెమ్మదిగా తగ్గుతుంది, మూత ఉన్నది గీత దగ్గరే ఉంటుంది.

"పళ్ళెంలో నీళ్ళు ఏమయ్యాయి?" సూర్యుడు తాగేశాడు, పిల్లి తాగేసింది, పళ్ళెం తాగేసింది, అన్నీ వస్తాయి. ప్రతి జవాబునీ పరీక్షించే దారి ఆలోచించమనండి. పిల్లి తాగిందంటే జల్లెడ బోర్లించి చూద్దాం. పళ్ళెం తాగిందంటే పళ్ళెం అడుగు తడిగా ఉందా తడిమి చూద్దాం. సూర్యుడంటారా, గదిలో నీడలో ఇంకో పళ్ళెం పెడదాం. నీడలోనూ పోతాయి, కాకపోతే ఆలస్యంగా. ఇలా ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే మిగిలేది గాలే.

అయినా ఇది సగం కథే. పోయిన నీళ్ళు గాలిలో ఉన్నాయని నమ్మాలంటే, గాలిలోంచి నీళ్ళు తిరిగి రావడం చూడాలి. నా లెక్కలో ఈ పాఠాలన్నిటికీ గుండెకాయ ఈ పనే. గ్లాసులో నీళ్ళు పోసి ముదురు రంగు కలిపి మంచుముక్కలు వేయండి. కాసేపటికి బయటి వైపు చెమట పట్టినట్టు చుక్కలు వస్తాయి. "ఇవెక్కడివి?" అనగానే "గ్లాసులోంచి కారాయి" అంటారు, పెద్ద పిల్లలు కూడా. తెల్ల కాగితంతో ఆ చుక్కల్ని తుడిపించండి. కాగితం మీద రంగు లేదు. "లోపల ఎర్ర నీళ్ళు, బయట తెల్ల నీళ్ళు, ఎలా?" అని అడిగి ఆగిపోండి. చాలాసేపు ఏమీ మాట్లాడకండి. అప్పటికీ తేలకపోతే, మూత బిగించిన ఖాళీ సీసాని ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచి బయటికి తీసి చూపించండి, దాని మీదా చుక్కలు పడతాయి, లోపల చుక్క నీరు లేకపోయినా. గదిలో గాలి బాగా పొడిగా ఉన్న రోజుల్లో చుక్కలు రాకపోవచ్చు, అప్పుడు పిల్లల్నే సీసాకి దగ్గరగా నోరు పెట్టి "హా" అని ఊదమనండి.

పళ్ళెంలో పోయిన నీరూ, గ్లాసు మీద వచ్చిన నీరూ ఒకటేనని వాళ్ళు కలుపుకున్నాక, మబ్బు గురించి రెండు మాటలు చెప్తే చాలు. నీటి చక్రం బొమ్మని, బాణపు గుర్తులతో సహా, ఆ తర్వాత చూపించండి. ఇంకొక్క మాట, వేడినీళ్ళ పైన తెల్లగా పొగలా కనిపించేదాన్ని మనం ఆవిరి అంటాం, నిజానికి అది అప్పటికే మళ్ళీ చిన్న చుక్కలుగా మారిన నీరు. అసలు ఆవిరి కంటికి కనిపించదు. చిన్నవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు, మీకు తెలిసి ఉంటే చాలు, తప్పు చెప్పకుండా ఉంటారు.

మంచు గడ్డకట్టడం చూపించాలంటే ప్లాస్టిక్ సీసాలో ముప్పావు వంతు నీళ్ళు పోసి గీత గీసి ఫ్రీజర్‌లో పెట్టండి, గడ్డ గీత దాటి పైకి వస్తుంది, గడ్డకట్టినప్పుడు నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి. గాజు సీసా వద్దు, పగులుతుంది.

నీటిని వృథా చేయొద్దని పిల్లలకి ఊరికే చెప్తే ఎక్కదు. చెంచాల లెక్క చేయించండి. ఒక గిన్నెలో టీ చెంచాతో 100 చెంచాల నీళ్ళు పోసి, భూమ్మీదున్న నీరంతా ఇదే అనుకుందాం అనండి. 97 చెంచాలు తీసి వేరే గిన్నెలో పోసి ఉప్పు కలపండి, అది సముద్రం. మిగిలిన మూడింటిలో రెండు చెంచాలు మంచుగడ్డలు. చివరి చెంచా దాదాపు మొత్తం భూమి లోపలి నీరు. నదులు, మంచినీటి సరస్సులు, చెరువులు అన్నీ కలిపి? ఆ చెంచాలోంచి ఒక్క చుక్క వేలి కొనమీద పెట్టి చూపించండి. వంద చెంచాల్లో ఒక్క చుక్క. ఇది అతిశయోక్తి కాదు, లెక్కకి కొంచెం అటూ ఇటూగా అంతే.

తేటగా ఉన్న నీరల్లా మంచినీరు కాదన్నది కూడా ఇక్కడే చెప్పేయండి. రెండు గ్లాసుల్లో ఒకదానిలో మాత్రం ఉప్పు కలిపి పూర్తిగా కరిగించి, చూసి ఏది ఏదో చెప్పమనండి. చెప్పలేరు. కంటికి కనిపించనివి నీళ్ళలో ఇంకా చాలా ఉండవచ్చని, అందుకే ఎక్కడపడితే అక్కడి నీళ్ళు తాగకూడదని ఆ క్షణంలో చెప్తే గుర్తుంటుంది. రుచి చూడటం మీరు కలిపిన ఉప్పునీటికే, మీ ముందే.

ఇల్లు

ఇంటి పాఠం అనగానే గోడలు, తలుపు, పైకప్పు అని భాగాలు చెప్పించి వదిలేస్తారు. అలా కాకుండా, ఇంతకుముందు చేసిన రెండు పాఠాలనీ ఇంట్లోకి తీసుకురండి. ఇల్లంటే గాలినీ నీటినీ మనకి కావలసినంత లోపలికి రానిచ్చి, వద్దన్నప్పుడు బయట ఆపే చోటు. ఇలా చూస్తే కిటికీ ఎందుకుందో, కప్పు ఎందుకు వాలుగా ఉందో పిల్లలే చెప్తారు.

ముందు ఇల్లంతా తిరగండి, పిల్లతో కలిసి, చేతిలో కాగితపు పట్టీ పట్టుకుని. గాలి ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది? ఒక్క కిటికీయే తెరిస్తే ఎలా ఉంది, ఎదురుగా ఇంకోటి తెరిస్తే ఎలా ఉంది? తర్వాత నీళ్ళ వెంట పడండి. కుళాయి నుంచి గొట్టం పట్టుకుని కనిపించినంత మేర వెనక్కి వెళ్ళండి, తూము నుంచి ముందుకి వెళ్ళండి. వచ్చాక ఒక కాగితం మీద ఇల్లు గీసి, నీలం రంగుతో నీళ్ళ దారి, పసుపుతో గాలి దారి గీయించండి. బొమ్మ ఎలా ఉన్నా సరిదిద్దొద్దు, బాణపు గుర్తులు ఎటు చూస్తున్నాయో మాత్రం అడగండి.

మరుసటి రోజు ఇళ్ళు కట్టించండి. అట్టతో ఒకటి, బంకమట్టితో ఒకటి, పుల్లలూ ఆకులతో ఒకటి, కప్పు ఒకదానికి చదునుగా, ఇంకోదానికి వాలుగా. కట్టాక మగ్గుతో పైనుంచి నీళ్ళు పోసి వాన కురిపించండి, అట్టముక్కతో విసిరి గాలివాన తెప్పించండి. ఏది కూలింది, ఏది కారింది, ఎందుకు? కూలిన ఇంటి పిల్ల ఏడుపు మొహం పెడితే "మళ్ళీ కడితే ఈసారి ఏం మారుస్తావు కన్నా?" అని అడగండి. మైనపు క్రేయాన్ రుద్దిన అట్ట మీద నీళ్ళు జారిపోవడం కనిపెట్టిన పిల్ల ఆ రోజంతా గర్వంగా తిరుగుతుంది.

అప్పుడు లోకంలో ఇళ్ళు చూపించండి, కానీ వింతలుగా కాదు, సమస్యకి జవాబులుగా. ఇరాన్‌లోని యజ్ద్ నగరంలో ఇళ్ళ మీద ఎత్తైన బురుజులుంటాయి, పైన వీచే గాలిని పట్టి కింది గదుల్లోకి దింపడానికి. మంగోలియాలో మందలతో పాటు కదిలే కుటుంబాలు విప్పి మళ్ళీ నిలబెట్టుకునే గుండ్రటి గుడారాల్లో ఉంటాయి, వాటి గోడలకి ఒత్తిన ఉన్ని పొరలు చుడతారు. యెమెన్‌లోని షిబామ్‌లో మట్టి ఇటుకలతో కట్టిన బహుళ అంతస్తుల ఇళ్ళున్నాయి, అక్కడ వానలు తక్కువ కాబట్టి మట్టి నిలుస్తుంది. పెరూ వైపు టిటికాకా సరస్సులో ఊరో ప్రజలు రెల్లుతో అల్లిన తేలే దీవుల మీదే ఇళ్ళు కట్టుకుంటారు. ఇగ్లూ చూపించినప్పుడు "మంచుతో కట్టిన ఇల్లు వెచ్చగా ఎలా ఉంటుంది?" అని తప్పకుండా అడగండి, జవాబు మళ్ళీ గాలే: గట్టిపడిన మంచులో చిక్కుకున్న గాలి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. ఇనూయిట్ ప్రజలు ఇగ్లూల్ని ఎక్కువగా వేటకి వెళ్ళినప్పుడు తాత్కాలికంగా కట్టుకునేవాళ్ళని, ఇప్పుడు వాళ్ళూ మామూలు ఇళ్ళలోనే ఉంటారని కూడా చెప్పండి.

జీవుల ఇళ్ళ విషయంలో మన భాష పిల్లలకి పెద్ద సాయం. గూడు, తొర్ర, కలుగు, బొరియ, పుట్ట, పట్టు, గుహ, గుల్ల, ఒక్కో మాట వెనక ఒక్కో కట్టడం ఉంది. గూడు అల్లింది, తొర్ర దొరికింది, బొరియ తవ్వింది, పుట్ట పోగేసింది, గుల్ల ఒంటితో పాటు పెరిగింది. ఈ "ఎలా వచ్చింది" అన్న ప్రశ్నతో మాటల్ని విడదీయించండి, ఐదేళ్ళ పిల్లలకి ఇది మంచి ఆట. గిజిగాడు గూడు అల్లేది మగపక్షి, గడ్డి పోచల్ని చీల్చి ముడులు వేసి, దారి కింద నుంచి ఉండేలా. సన్యాసి పీత పెరిగినకొద్దీ పాత గుల్ల వదిలి పెద్ద గుల్ల వెతుక్కుంటుంది, నత్త అలా మార్చుకోలేదు, దాని గుల్ల దాంతో పాటే పెరుగుతుంది. "పక్షి ఇల్లు గూడు" అని మాత్రం ఊరికే చెప్పేయకండి. చాలా పక్షులకి గూడు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచే కాలానికే, ఆ తర్వాత వదిలేసి కొమ్మల మీదే పడుకుంటాయి. సాలెగూడు కూడా ప్రధానంగా వల. ఏ గూటినైనా దూరం నుంచే చూడాలి, చేయి పెట్టకూడదు, అందులో గుడ్లు లేవని మనం అనుకున్నా సరే.

ఇంటి పాఠంలో ఇంకొక్కటి, ముఖ్యంగా పదిమంది పిల్లలు కలిసి కూర్చున్న చోట. "మీ ఇంట్లో ఎన్ని గదులు?", "ఎవరి ఇల్లు పెద్దది?" లాంటి ప్రశ్నలు వద్దు. ఒక్క గదిలో ఆరుగురు ఉండే పిల్ల ఉండవచ్చు, ఈ మధ్యే ఇల్లు మారాల్సి వచ్చిన పిల్ల ఉండవచ్చు, అమ్మ ఒకచోటా నాన్న ఒకచోటా ఉండే పిల్ల ఉండవచ్చు. "మీ ఇంట్లో నీకు ఇష్టమైన మూల ఏది?" అని అడగండి, ప్రతి పిల్లకీ ఒక జవాబు ఉంటుంది.

నేర్చుకున్నారో లేదో చూడటానికి

పరీక్ష పెట్టొద్దు. వారం పది రోజులు ఆగి, ఈ పాఠాలతో సంబంధం లేని వేళ, స్నానం అయ్యాక అద్దం మసకబారినప్పుడు దాని మీద వేలితో గీసి, "ఈ తడి ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" అని మామూలుగా అడగండి. "గాలిలోంచి" అంటే "మరి గాలిలోకి ఎలా వెళ్ళింది?" అని ఇంకో అడుగు వేయండి. "కుళాయిలోంచి చింది" అంటే సరేనని వదిలేసి, రెండు రోజులాగి ఎర్ర నీళ్ళ గ్లాసు మళ్ళీ చేయండి, ఈసారి రంగు ఆ పిల్లనే ఎంచుకోనివ్వండి.